అచ్చు పగిలిన చోట ఆవిరమ్మ తల్లి

కంచరవలసలో బస్సు దిగి ఏటిగట్టు వెంట కాస్త నడిస్తే ఆవిరమ్మ తల్లి కోవెల వస్తుంది. అమ్మవారు మూరెడు ఎత్తు కంచు విగ్రహం. కొత్తగా వచ్చినవారు అభిషేకానికి చెంబు ఎత్తారో లేదో, పూజారిగారు గబుక్కున చెయ్యి పట్టుకుంటారు. ఎవరైనా ఉలిక్కిపడాల్సిందే! నీళ్ళు వద్దనే అమ్మవారు ఎక్కడైనా ఉంటుందా అంటే, ఇదిగో ఇక్కడ ఉంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు, కొలిమి ఉండేది. సోమలింగం అనే కంచరి, ఆయన భార్య అక్కలమ్మ అందులో పని చేసేవారు. ఊరికి అమ్మవారి విగ్రహం పోయమని ఇంటింటివారూ తమ కంచు గిన్నెలు తెచ్చి అప్పగించారు. కంచరివారి పద్ధతి చిత్రమైనది. ముందు మైనంతో బొమ్మ చేసి దానికి మట్టి మెత్తుతారు. కాలిస్తే మైనం నీరై కారిపోయి, మట్టి అచ్చు లోపల బొమ్మ ఆకారంలో ఖాళీ మిగులుతుంది. కరిగిన కంచు అందులో పోస్తే చల్లారి గట్టిపడుతుంది. గట్టిది నీరు కావడమేమిటి, ఆ నీరు మళ్ళీ గట్టిపడడమేమిటి! అక్కలమ్మకైతే అచ్చులో ఉన్నది ఖాళీ కాదు, సాక్షాత్తూ తల్లి.

అందుకే పోతపోసే రోజు తెల్లవారుతూనే, తల్లికి వేడి చేస్తుందని ముంతెడు పసుపునీళ్ళు అచ్చు మీద పోసి దండం పెట్టుకుంది. మట్టి గుటుక్కున తాగేసింది. మగనికి చెప్పాలని ఆమెకు తోచనే లేదు. సోమలింగం వచ్చి కంచు పోశాడు. అంతే, పిడుగు పడ్డట్టు చప్పుడు! అచ్చు ముక్కలైంది, నిప్పుచుక్కలు చూరుకు ఎగిరాయి, ఆయన మోచెయ్యి కాలింది.

తన పూజలో ఏదో లోపం జరిగిందని అక్కలమ్మ అనుకుంది. రెండోసారి అచ్చు కట్టినప్పుడు భక్తి పెంచి రెండు ముంతలు పోసింది. ఈసారి కొలిమి కప్పే ఎగిరిపోయింది! ముంతెడు నీళ్ళు ఆవిరైతే గాదెడు చోటు కావాలి కదా, అచ్చులో దానికి చోటెక్కడిది? ఆ సంగతి అప్పుడు ఎవరికి తెలుసు!

చిందినది చిందగా, ఏరుకున్న కంచు ఒక్క పోతకే సరిపోతుంది. సోమలింగం ఊరివారి ముందు నిలబడి, "ఇదీ పగిలితే అమ్మకి నా చెయ్యి గిట్టనట్టే. మరి మూస ముట్టను" అన్నాడు. మూస అంటే కంచు కరిగించే పాత్ర. వేరే పని తెలియని మనిషి ఆయన.

మూడోసారి అక్కలమ్మ మూడు ముంతలు పోసి, తిత్తి ఊదుతూ ఊదుతూ మిట్టమధ్యాహ్నం కునుకు తీసింది. కలలో పసుపు ముఖంతో ఒక ముసలామె పొట్ట పట్టుకుని నిలబడి, "కడుపునిండా నీల్లు పోసి, ఆ మీద నిప్పు పోత్తారేటే నాకు?" అని గదమాయించింది.

అక్కలమ్మ కెవ్వుమని లేచింది. ఎదుట సోమలింగం మూస ఎత్తి పట్టుకుని ఉన్నాడు.

"పొయ్యకు మావా! నానే నీల్లు పోసినాను. మూడుసార్లూ నానే!"

సోమలింగం ఆమె వైపు తిరిగాడు. "ఓసి నీ భక్తి మండా! నా చెయ్యి కాల్చింది నువ్వటే?" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక మూసను మళ్ళీ నిప్పుల్లో దించాడు.

తడి ఆరేలా అచ్చు చుట్టూ పిడకలు పేర్చి కాల్చారు. అక్కలమ్మ చల్లని కంచు పళ్ళెం తెచ్చి అచ్చు నోటికి అడ్డం పెట్టింది. పళ్ళేనికి చెమట పట్టింది. తుడిచింది. మళ్ళీ పట్టింది. మూస చల్లారకుండా ఊరివారు ఇళ్ళలో ఉన్న బొగ్గంతా తెచ్చి పోశారు. పొద్దు వాలే వేళకు పళ్ళెం పొడిగా వచ్చింది. "ఇప్పుడు పొయ్యి మావా" అంది. జనం చెవులు మూసుకున్నారు. చప్పుడు లేదు! ఆ నిశ్శబ్దానికే అందరూ అదిరిపడ్డారు.

చల్లారాక మట్టి కొడితే అమ్మవారు నిండుగా వచ్చింది. అచ్చు విడిచి ఆవిరిగా వెళ్ళి కంచులో వెలసినందున ఆవిరమ్మ అయింది.

నేటికీ ఫాల్గుణ పున్నమి జాతరలో తొలి హారతికి ముందు పూజారి "నీళ్ళు ఎవరు పోశారు?" అని ముమ్మారు అడుగుతారు. కంచరివారి పెద్దకోడలు ముందుకు వచ్చి, "నానే పోసినాను" అనేదాకా కర్పూరం వెలగదు. ఆ వెనుక ఆలుమగలు, అన్నదమ్ములు, అత్తాకోడళ్ళు తాము దాచుకున్న పొరపాట్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. కోవెలలో కాసేపు కేకలు, కాసేపు ఏడుపులు, ఆపైన నవ్వులు. అలా చెప్పుకున్నవారి ఇళ్ళను తల్లి పగలనివ్వదని నమ్మకం. చెప్పడానికి ఏమీ లేదనేవారిని మాత్రం దర్శనం వరుసలో చివరికి పంపుతారు.