మిరపకల్లంలో లెక్కల పాఠం

తెలివిలో మా ఊళ్ళో పున్నారావు ఇంటిని మించిన ఇల్లు లేదు. ఈ మాట అన్నది ఎవరో కాదు, పున్నారావే. తమ్ముడు తిరపతయ్య అవునన్నాడు. పున్నారావు పెళ్ళాం ఆదెమ్మ "ఇందులో అనుమానమెందుకు? వాడకపోబట్టి మన తెలివి ఇంకా కొత్తగానే ఉందిగా" అంది.

వాళ్ళింటి ముందుగదిలో లెక్కల మాస్టారు కామేశంగారు అద్దెకుండేవారు. అరుగు మీద పిల్లలకి పాఠాలు చెప్పేవారు. ఈ ముగ్గురూ కిటికీకి చెవులానించి ఊరికే వచ్చే చదువంతా పోగేసుకునేవాళ్ళు.

ఓ సాయంత్రం మాస్టారు కాలీఫ్లవర్ పట్టుకొచ్చి, "చూడండర్రా, ఇందులో చిన్న రెమ్మ తుంచినా అది మొత్తం పువ్వులాగే ఉంటుంది. దాన్ని తుంచినా అంతే. ముక్కలోనే మొత్తం! దీన్నే ఫ్రాక్టల్ అంటారు" అన్నారు.

అంతే! మర్నాడు మిరపకాయలు బస్తాలకెత్తడానికి పదిమంది కూలీలొచ్చారు. ఏడాది పంటంతా పెరటి పక్కనే కల్లంలో ఎండుతోంది మరి. ఆదెమ్మ కూలీల కూరకి కాలీఫ్లవర్లో ఒకే ఒక్క రెమ్మ తుంచి, గంగాళం నీళ్ళలో పడేసింది.

"ఇదేం కూరమ్మా?"

"పువ్వంతా అందులోనే ఉంది. కళ్ళు పెట్టి చూడండి!"

చూశారు. చూసి, తలగుడ్డలు దులుపుకుని ఇళ్ళకి పోయారు. కాయ కల్లంలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం మాస్టారు కేయాస్ అనే గందరగోళం పాఠం ఎత్తుకున్నారు. "చిన్న కదలిక చాలురా. ఇక్కడ సీతాకోకచిలుక రెక్కాడిస్తే ఇంకెక్కడో గాలివాన పుట్టొచ్చు."

అప్పుడే మబ్బు పట్టింది. పెరట్లో బంతిమొక్క మీద సీతాకోకచిలుక!

"అన్నాయ్, దొంగ దొరికింది!" అని అరిచాడు తిరపతయ్య. ఇంకేముంది! మిరపకాయల మీద కప్పాల్సిన ఒక్కగానొక్క పట్టా తెచ్చి బంతిమొక్క మీద కప్పేశారు. ఆదెమ్మ దాని అంచు మీద చతికిలబడి, "ఇప్పుడాడించవే రెక్క, చూస్తాను!" అంది.

పాపం, అది రెక్కాడించలేదు. వానే ఆగలేదు.

"ఇంకో ఊళ్ళో దీని అక్క ఉన్నట్టుంది" అన్నాడు పున్నారావు దిగులుగా.

వాన చూడగానే మాస్టారు గుండె బాదుకున్నారు. "ఏడాది కష్టమయ్యా పున్నారావ్! సగం మిరపకాయలైనా లోపలికి చేర్చండయ్యా!" అని అరిచి, పిల్లల్ని ఇళ్ళకి తరిమి వచ్చారు.

వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ వానలో గొంతుక్కూర్చుని, ఒక్కో కాయా ఫట్‌మని సగానికి విరుస్తున్నారు. తొడిమ వైపు ముక్క బుట్టలోకి, తోక వైపు ముక్క నేల మీదికి. కల్లంలో పంట వాన నీళ్ళతో పాటు రోడ్డెక్కి పోతోంది.

"ఏం చేస్తున్నారయ్యా?"

"సగమన్నారుగా మాస్టారూ! తొంభై అయినయ్. తొందర పెట్టకండి, ఎచ్చుతగ్గులొస్తాయ్."

మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది. "దేవుడా, నా తల ఎక్కడ కొట్టుకోను?"

"ఆ గోడకి మాత్రం వద్దు మాస్టారూ, మట్టిది, నానిపోయింది" అంది ఆదెమ్మ పట్టా మీంచి కదలకుండా.

తిరపతయ్య అప్పటికే పరుగున పోయి రుబ్బురోలు దొర్లించుకొస్తున్నాడు.