నీటికాకి ఆకలి

అనగనగా, మీ తాతల తాతకి ఇంకా పాలపళ్ళు కూడా రాని కాలంలో, తూర్పు సముద్రం ఒడ్డున ఒక రాజుండేవాడు. పేరు ధర్మకేతు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బలకేతు, రెండోవాడు జయకేతు. మూడోవాడు పుట్టేసరికి పేరు వెతికే ఓపిక ఎవరికీ లేక చినకేతు అని ఊరుకున్నారు. ఆ ముగ్గురి తర్వాత చాలా ఏళ్ళకి ఒక ఆడపిల్ల పుట్టింది. దాని పేరు పొన్నారి. అమ్మ పాడే జోల, చినకేతు భుజం, ఈ రెండూ ఉంటే చాలు, రెప్పపాటులో నిద్రపోయేది.

ఏమైందో ఏమో, ఒకనాడు పొన్నారికి నిద్ర పట్టలేదు. మర్నాడూ పట్టలేదు. ఆ మర్నాడూ పట్టలేదు. రాణి గొంతు ఎండిపోయేదాకా జోల పాడింది. వైద్యులు వచ్చారు, నూరారు, పోశారు, తలలు వంచుకుని వెళ్ళిపోయారు. పిల్ల బుగ్గలు లోపలికి పోయాయి. ఆడుకోవడం మానేసింది. కళ్ళు తెరిచి పైకప్పు చూస్తూ పడుకునేది.

అప్పుడు ఓడలు నడిపే ఒక ముసలి సరంగు కోటకి వచ్చాడు. "మహారాజా, ఈ జబ్బు నేను ఎరుగుదును. చీనా దేశంలో దక్షిణాన పొగమంచు కొండ ఉంది. దాని మీద ధూమ్రకుడని ఒక మాంత్రికుడు. వాడిది ఏ దేశమో ఎవరికీ తెలీదు. ఏ దేశం పిల్లల నిద్రయినా దొంగిలించి వెదురు గొట్టాల్లో దాచుకుంటాడు. తొలకరిలోగా ఆ నిద్ర తెస్తేనే పిల్ల బతుకుతుంది," అన్నాడు.

"ఆ మాంత్రికుడి తల తెస్తాను," అని బలకేతు కత్తి పట్టుకుని ఓడెక్కాడు. తిరిగి రాలేదు. "అన్ననీ తెస్తాను, తలనీ తెస్తాను," అని జయకేతు రెండు కత్తులు పట్టుకుని ఓడెక్కాడు. వాడూ తిరిగి రాలేదు.

చినకేతు చెల్లెలి మంచం పక్కన కూర్చుని, "అమ్మా, నాకు తలలు వద్దు. దీని నిద్ర తెస్తాను," అన్నాడు. రాణి కళ్ళు తుడుచుకుంటూ కొన్ని సున్నుండలు మూటగట్టి ఇచ్చింది. "నాన్నా, వేళకి తిను," అంది. అమ్మలు అంతే కదా, కొడుకు మాంత్రికుడి మీదికి పోతున్నా వేళకి తినమనే చెబుతారు.

చినకేతూ సరంగూ ఓడలో ఏడు సముద్రాలు దాటారు. మొదటిది నీలంగా ఉంది, రెండోది పచ్చగా ఉంది. మిగతా ఐదూ ఎలా ఉన్నాయో చినకేతుకి తెలీదు. కడుపులో తిప్పి, ఓడ అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు పాపం. సరంగు వాడి వీపు రాస్తూ ఒక్క సంగతి చెప్పాడు.

"బాబూ, అక్కడివాళ్ళూ మనలాంటివాళ్ళే. మనిషి కనపడితే ముందు 'అన్నం తిన్నావా' అంటారు. ఆ తర్వాతే ఏదైనా. మీ అన్నలకీ చెప్పాను. 'రాజకుమారులం, మేం తినలేదనుకున్నారా!' అని విసుక్కున్నారు. నువ్వు మాత్రం ఆ మాటకి జవాబు చెప్పు. తిరిగి అడుగు. అడగడం ఊరికే కాదు, మనసులోంచి అడుగు."

ఆ దేశపు మాటలో దాన్ని ఎలా అనాలో కూడా నేర్పాడు. మిగతా భాష ఎలా వచ్చిందని మాత్రం నన్ను అడక్కండి. కథలో భాష అడ్డం రాదు.

రేవులో దిగి నడిస్తే తేయాకు కొండ వచ్చింది. కొండ నిండా వరసలు వరసలుగా పొదలు. ఒక అవ్వ వీపుకి బుట్ట కట్టుకుని చిగుళ్ళు గిల్లుతోంది. వాణ్ణి చూడగానే, "అన్నం తిన్నావా బాబూ?" అంది.

"తినలేదు అవ్వా. నువ్వు తిన్నావా?" అన్నాడు చినకేతు.

అవ్వ చేతులు ఆగిపోయాయి. "మా ముసలాయన పోయాక ఆ మాట నన్ను అడిగినవాళ్ళు లేరు నాయనా," అంది. ఇద్దరూ కూర్చుని గంజీ ఊరవేసిన ముల్లంగీ తిన్నారు. చినకేతు ఒక సున్నుండ ఇచ్చాడు. అవ్వ నమిలి, ఆ తీపికి నవ్వింది. అవ్వ బుట్ట వాడు మోశాడు. పొద్దు వాలేసరికి అవ్వ దారి చెప్పింది: "అదిగో, మెట్ల పొలాలు. అవి దాటితే నది. దారి తప్పితే గేదెని అడుగు."

మెట్ల పొలాలంటే కొండని అడుగు నుంచి నెత్తి దాకా మెట్లుగా చెక్కి, ప్రతి మెట్టులోనూ నీళ్ళు కట్టి వరి నాటినవి. ఒక్కో మెట్టులో ఒక్కో ముక్క ఆకాశం కనిపిస్తుంది. చినకేతు అందులో పడి ఎక్కాడు, దిగాడు, తిరిగాడు, మొదటి చోటికే వచ్చాడు. అక్కడ బురదలో ఒక గేదె మోకాళ్ళ మీద కూలబడి ఉంది. ఉదయం నుంచి దున్నీ దున్నీ దాని ఒళ్ళు హూనమైపోయింది.

"తిన్నావా తల్లీ?" అన్నాడు చినకేతు.

గేదె పెద్ద కళ్ళు ఇంకా పెద్దవి చేసింది. "నన్నా? దున్నావా అని అడుగుతారు గానీ తిన్నావా అని అడిగేదెవరు?" అంది.

చినకేతు గట్టు మీది గడ్డి కోసి మోపు కట్టి తెచ్చి ముందు వేశాడు. వీపు మీద నీళ్ళు చల్లాడు. గేదె తీరిగ్గా తిని, తీరిగ్గా నెమరేసి, "ఎక్కు," అంది. వీపు మీద కూర్చోబెట్టుకుని మెట్టు మెట్టూ దించి నది ఒడ్డున విడిచింది. "పైకి పోయి చావకు. నాకు గడ్డి పెట్టేవాళ్ళు ఎక్కువమంది లేరు," అని వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయింది.

నది మీద మంచు. మంచులో ఒక వెదురు తెప్ప. తెప్ప మీద నల్లటి పక్షులు బారుగా కూర్చున్నాయి. మనం నీటికాకులంటామే, అవి. వాటి మధ్య గడకర్ర పట్టుకుని ఒక అమ్మాయి నిలబడింది. పేరు ఆలియన్. వాళ్ళది చేపలు పట్టే ఇల్లు. నోరు పెద్దదే గానీ మనసు వెన్న.

"అన్నం తిన్నావా పరదేశీ? తినకపోతే ఎక్కు, తిన్నా ఎక్కు. ఒడ్డున అలా కొంగలా నిలబడకు," అంది.

"తిన్నాను. మరి నువ్వు?"

ఆలియన్ తల దించుకుంది. "ముద్ద దిగడం లేదు. మా అక్క కూతురు నిద్రపోక నెల కావస్తోంది," అంది. చినకేతు తన చెల్లెలి సంగతీ, తిరిగి రాని అన్నల సంగతీ చెప్పాడు. ఇద్దరి బాధా ఒకటే అయ్యేసరికి ఇద్దరికీ కాస్త ధైర్యం వచ్చింది. ఆలియన్ చేపలు కాల్చింది. ఇద్దరూ తిన్నారు.

తింటుండగా చినకేతు చూశాడు. పక్షుల మెడకి గడ్డితాడు కట్టి ఉంది. పక్షి మునుగుతుంది, చేపతో తేలుతుంది, తాడు వల్ల మింగలేక యజమానికి ఇచ్చేస్తుంది. అలా ఆరు చేపలు. ఆరోది అవగానే ఆలియన్ తాడు విప్పింది. ఏడో చేప పక్షి తినేసింది.

"ఏడోది దానిది," అంది ఆలియన్. "మా తాతల నాటి మాట. ఏడోది ఇవ్వకపోతే పక్షి ఇక మునగదు. కొట్టినా మునగదు. ధూమ్రకుడి దగ్గరా ఒక నీటికాకి ఉంది. వాడి ప్రాణం దాని గొంతులో ఉంది. జారకుండా మెడకి మంత్రపు తాడు కట్టాడు. మూడు వందల ఏళ్ళుగా విప్పలేదు. ఏ కత్తికీ అది తెగదు. ఆ పక్షి తనంతట తానై ఎవరికి మెడ వంచి ఇస్తుందో, వాళ్ళ చేతికే ఆ ముడి ఊడుతుందట. మీ అన్నలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పక్షిని పట్టుకుని తాడు లాగారు. పక్షి పొడిచింది. ధూమ్రకుడు వాళ్ళ నిద్ర కూడా లాక్కుని వాకిట్లో కాపలా పెట్టాడు."

"మూడు వందల ఏళ్ళా," అన్నాడు చినకేతు. వాడికి అన్నల కంటే ముందు ఆ పక్షి మీదే జాలేసింది. ఆలియన్ అది చూసింది. బుట్టలో ఒక చేప వేసి, "పద, నేనూ వస్తాను," అంది.

పొగమంచు కొండ ఎక్కేసరికి పట్టపగలైంది. వాకిట్లో బలకేతు, జయకేతు ఎర్రటి కళ్ళతో నిలబడి ఉన్నారు. తమ్ముణ్ణి గుర్తుపట్టలేదు, ఆపనూ లేదు. లోపల గోడల నిండా వెదురు గొట్టాలు. మధ్యలో ధూమ్రకుడు. వాడి కళ్ళ కింద నల్లటి సంచులు. భుజం మీద ముసలి నీటికాకి.

"ఇంకొకడా! నీ కత్తేది?" అన్నాడు.

"కత్తి లేదయ్యా. పిల్లల నిద్ర నీకెందుకు?"

"ప్రాణం ఒంట్లో లేనివాడికి నిద్ర ఎలా వస్తుందిరా? చావు రాకూడదని ప్రాణం బయట దాచాను. చావుతో పాటు నిద్రా రావడం మానేసింది. అందుకే దొంగిలిస్తాను. ఒక గొట్టం తాగితే ఒక్క కునుకు. అది కూడా నాది కాదు."

చినకేతు ఆలియన్ బుట్టలోంచి చేప తీశాడు. "సరే. నీ పక్షికి ఒక చేప పెట్టనా?"

ధూమ్రకుడు పగలబడి నవ్వాడు. "పెట్టు, పెట్టు! మెడకి తాడుంది, ఎలా మింగుతుందో నేనూ చూస్తాను!"

చినకేతు నేల మీద కూర్చున్నాడు. చేపని చేతిలో పెట్టుకున్నాడు. పక్షి వైపు చూసి, తేయాకు కొండ మీద అవ్వని అడిగినట్టే అడిగాడు.

"తిన్నావా తల్లీ?"

నీటికాకి కదల్లేదు. మెడ పక్కకి వాల్చి వాడి మొహంలోకి చూసింది. మెల్లగా భుజం దిగింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, వాడి మోకాలెక్కి, మెడ ముందుకి చాచింది.

"వద్దు!" అని ధూమ్రకుడు లేచేలోగా చినకేతు చేతికి ముడి ఊడిపోయింది. పక్షి గొంతులోంచి వడ్లగింజంత వెలుగు జారి కింద పడి, దొర్లుకుంటూ పోయి ధూమ్రకుడి గుండెలో దూరింది. పక్షి చేపని గుటుక్కున మింగింది. మూడు వందల ఏళ్ళ ఆకలి తీరి రెక్కలు విదిల్చింది.

ధూమ్రకుడు మంత్రం చదవడానికి నోరు తెరిచాడు. వచ్చింది ఆవలింత. ఇంకో ఆవలింత. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇది... ఇది నాదే," అన్నాడు. మోకాళ్ళు ముడుచుకుని పసివాడిలా పడుకున్నాడు. చినకేతు తన ఉత్తరీయం తీసి కప్పాడు. కాసేపటికి ఊపిరి కూడా ఆగిపోయింది. ఎంత కాలం తప్పించుకున్నాడో, అంత మెత్తగా వచ్చింది వాడికి చావు.

ఆలియన్ ఒక్కో గొట్టం మూతా తీయడం మొదలుపెట్టింది. ఏ ఇంటి నిద్ర ఆ ఇంటికి గాలిలో వెళ్ళిపోయింది. వాకిట్లో దభీ దభీమని రెండు చప్పుళ్ళు. బలకేతు, జయకేతు నిలువునా పడి గుర్రు కొడుతున్నారు. "మీ వంశంలో అందరూ ఇంత చప్పుడు చేస్తారా?" అంది ఆలియన్. పొన్నారి నిద్ర మాత్రం సముద్రాల మీద దారి తప్పుతుందేమోనని చినకేతుకి భయం. మిగిలిన గొట్టాలు మూత తీయకముందే ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఒక్కోదాంట్లో ఒక్కో అమ్మ, ఒక్కో భాషలో జోల. చివరికి ఒకదాంట్లో తన అమ్మ గొంతు వినపడింది. అక్కడే కూర్చుని ఏడ్చేశాడు. ఆ గొట్టాన్ని గుండెకి కట్టుకున్నాడు.

తిరుగు దారిలో నది ఒడ్డున ఆలియన్ అక్క కూతురు నిద్రపోతోంది. ఆలియన్ దాని నుదుటి మీద ముద్దు పెట్టుకుని, అమ్మానాన్నల దీవెన తీసుకుని చినకేతు వెంట బయల్దేరింది. నిద్రమత్తు వదలని అన్నలిద్దర్నీ గేదె రేవు దాకా మోసింది. అవ్వ తేయాకు మూటగట్టి ఇచ్చింది.

తొలకరి మబ్బు పట్టేవేళకి ఓడ చేరింది. చినకేతు గొట్టం మూత తీసి పొన్నారి దిండు పక్కన పెట్టాడు. పిల్ల వాడి భుజం మీద తల పెట్టింది. రెప్పలు వాలాయి. బయట వాన మొదలైంది. వాన వెలిసే దాకా నిద్రపోయింది. వాడి భుజం తిమ్మిరెక్కింది, అయినా కదల్లేదు.

పొన్నారి కళ్ళు తెరిచింది. బక్కచిక్కిన అన్న మొహం చూసింది. చిన్న చెయ్యి వాడి చెంప మీద వేసింది.

"చిన్నన్నయ్యా, అన్నం తిన్నావా?" అంది.

చినకేతుకీ ఆలియన్‌కీ పెళ్ళి రెండు ఒడ్డుల మీదా జరిగింది, ఇక్కడ పప్పన్నంతో, అక్కడ చేపలతో. పెద్దన్నలిద్దరూ, "రాజుకి కంటి మీద కునుకుండదు, మాకు రాజ్యం వద్దు," అన్నారు. చినకేతూ ఆలియనూ తలలు నెరిసేదాకా ఏలారు. ఆ రాజ్యంలో కోట వాకిలి దగ్గర భటులు వచ్చినవాణ్ణి ఎవరు నువ్వని అడిగేవారు కాదు. ఏమడిగేవారో మీకు తెలుసుగా. కథ కంచికి, నిద్ర మీ కళ్ళకి.