దండుచీమల వాసన

అనగా అనగా, గొడ్డలి చప్పుడు ఎరగని ఒక కీకారణ్యం. అందులో ఓ పుచ్చిన మాను తొర్రలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు కాపురముండేవారు. వాళ్ళు పొట్టి రెక్కల నల్లపురుగులు. అక్క పేరు కృశాంగి, చెల్లెలి పేరు మృదుపాద.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. తిండికి కటకటైంది. అప్పుడే ఆ దారిన దండుచీమలు వచ్చి, గుడ్లు పిల్లలయ్యేదాకా అక్కడే మకాం వేశాయి. అవి లక్షలుగా బారులు తీరి, ఎదురైన పురుగునల్లా చీల్చుకు తింటాయి. వాటికి చూపు లేదు. వాసన కలిస్తే మనది, కలవకపోతే మేత. వాటికి తెలిసిన ధర్మం అదొక్కటే.

కృశాంగి గడుసుది. నక్కి నక్కి వెళ్ళి ఓ చీమ వీపుకు తన ఒళ్ళు రాసుకుంది. దండు ఆమెను తన బిడ్డే అనుకుంది. ఇంకేం, వేటలో వాటా! రోజూ పొద్దున్నే మళ్ళీ రాసుకుంటే చాలు. ఆకలి నేర్పిన విద్య, తప్పు పట్టడానికి మనమెవరం?

మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు, మృదుపాద మీసాలతో అక్కను తడిమి నవ్వింది.

"ఇదేం వాసనే అక్కా? ఇక చాలు, వచ్చెయ్యి. కలో గంజో కలిసి తాగుదాం."

"రేపు వస్తాలేవే," అంది కృశాంగి. మర్నాడు వేట బాగా సాగింది. ఆమె రాలేదు.

రెండోసారి వచ్చినప్పుడు మృదుపాద బెదిరి వెనక్కి గెంతింది.

"నువ్వా అక్కా! నోరు విప్పకపోతే పారిపోయేదాన్ని. నీ వాసన ఏమైపోయిందే?"

"ఆ వాసన నాకు అన్నం పెట్టిందా?" అని కృశాంగి విసుక్కుంది.

మూడోసారి ఆమె ఒంటరిగా రాలేదు. దండు దండంతా ఆ మాను మీద పడింది. కృశాంగి చీమలకన్నా ముందు తొర్రలోకి ఉరికింది.

"పారిపోకే, నేనే! నా వీపుకు ఒళ్ళు రాసుకో, బతికిపోతావు!"

లక్షల కాళ్ళ హోరులో ఆ కేక ఎవరికి వినబడుతుంది? చీకటి తొర్రలో మృదుపాదకు అందింది వాసన ఒక్కటే. దండుచీమ మీదికి వస్తోందనుకుంది పాపం. వెనక కన్నంలోంచి బయటికి దూకింది. అక్కడ చీమలు కాచుకుని ఉన్నాయి.

కాసేపటికి చీమల నాయకురాలు చండతుండ వచ్చింది.

"శభాష్! ఎంత ఒడుపుగా తరిమి తెచ్చావు! మొదటి వాటా నీదే," అంటూ మృదుపాద కాలొకటి తెచ్చి కృశాంగి ముందు పెట్టింది.

కృశాంగి దాన్ని ముట్టలేదు. దండు కదిలిపోయింది, ఆమె కదల్లేదు. తొర్రలోనే పడి ఏడ్చింది. తిండి మానేసింది, ఏ చీమకూ ఒళ్ళు రాసుకోలేదు. నాలుగు రోజులకు చీమల వాసన వదిలిపోయి, ఆమె వాసన ఆమెకు తిరిగి వచ్చింది. మీసాలతో తడిమి గుర్తుపట్టేవారు మాత్రం ఎవరూ లేరు.

పొట్టకూటి కోసం తమ ఆనవాలు చెరుపుకున్నవారు, తమవారికి ఆపద వచ్చిననాడు శత్రువులాగే కనబడతారు.