రాజుగారి మైకు, పైడమ్మ పరుపులు

కథలు చెప్పడమే గానీ రాయడం నాకిదే మొదలు. ఐదో తరగతి తర్వాత కాగితం మీద సంతకం తప్ప ఇంకేమీ పెట్టలేదు. అక్కడక్కడా తడబడితే సర్దుకుని చదువుకోండి.

చిత్రగిరి రాజ్యంలో కిరీటాలూ ఉండేవి, మైకులూ ఉండేవి. అదెలాగని అడిగితే కథ ఇక్కడే ఆగిపోతుంది. ఆ రాజ్యాన్నేలే రత్నభూపతికి పాటలంటే ప్రాణం. ఒకనాడు సభలో ఉన్నట్టుండి అన్నాడు:

"మా పాట మేమే రికార్డు చేసుకుంటాం. కోటలో చిన్న స్టూడియో కావాలి!"

తెర వెనక రాణిగారు దగ్గారు.

"పెట్టుకోండి. ఖజానా జోలికి మాత్రం వెళ్ళకండి. ఈ ఏటి మామిడికాపు మీద ఎంతొస్తే అంతలోనే."

ఆస్థాన గాయకుడు గానభూషణం చలపతి లేచాడు. చెవులకి జోడు పోగులు, చేతికి కంకణం, మాటకి ముందు ఒక రాగం.

"ప్రభూ, తమ గాత్రానికి ఓడెక్కి పరదేశం నుంచి వచ్చిన సీమ మైకే తగును. మా ఇంట్లో ఒకటుంది, గుమ్మడికాయంత! అలాంటిది కొనాలంటే మూడేళ్ళ మామిడికాపు కావాలి. సామాను పెట్టడానికి చోటు కూడా చూసి ఉంచాను. ఆ పరుపుల గది ఖాళీ చేయించండి. పాత బొంతలు పారేసి, పైడమ్మని ఇంటికి పంపేస్తే సరి."

సభలో ఓ మూల నిలబడి ఉన్న పైడమ్మ ఆ మాట విన్నది. ఇరవై ఏళ్ళుగా కోటలోని పరుపులూ బొంతలూ ఎండేసి, దులిపి, కుట్టేది ఆవిడే. ఇంటికి పొమ్మంటే పోవడానికి ఆవిడకి వేరే ఇల్లంటూ లేదు. ఆ గదే ఇల్లు.

నలుగురిలో నోరు విప్పని మనిషి, ఆ రోజు విప్పింది.

"ప్రభూ, సంతలో ఉసిరికాయంత మైకు దొరుకుతుందట. మామిడికాపులో ఒక్క బుట్ట చాలు. ఒక్కసారి దానితోనూ పాడి చూడండి."

గానభూషణం విరగబడి నవ్వాడు. "పరుపులు దులిపినంత తేలికా, పైడమ్మా?"

"తేలికని ఎవరన్నారు బాబుగారూ? ఓసారి దులిపి చూడండి, తెలుస్తుంది."

సభ కిసుక్కుమంది. రాజుకి సరదా పుట్టింది.

"సరే! ఒకే పాట రెండు మైకుల్లోనూ పాడతాం. గుమ్మడికాయ గెలిస్తే పరుపుల గది గానభూషణానిది. ఉసిరికాయ గెలిస్తే గది పైడిదే."

మర్నాడు నిండు సభలో గుమ్మడికాయ మైకు పెట్టారు. చిత్రగిరిలో ఒక ఆచారం ఉంది. రాజు పాడితే చరణం చరణానికీ సభ "భళా!" అనాలి. ఆ రోజు మాత్రం గానభూషణం గట్టిగా చెప్పాడు, ఎవరూ కిక్కురుమనకూడదని. అందరూ నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు. భళా అనడానికి లేదాయె, పాపం, చరణం చరణానికీ తలలూపారు. అందరికంటే ఎక్కువ ఊపింది గానభూషణమే.

సాయంత్రం పైడమ్మ రాజుని ఒక్కడినే పరుపుల గదిలోకి తీసుకెళ్ళింది. నాలుగు గోడలకీ ఆనించి నిలువెత్తు పరుపులు. నేలమీద బొంత, తలుపుకి దుప్పటి.

"ఇక్కడ మాట్లాడితే మాట పక్కకి పోదు, తిరిగి రాదు ప్రభూ. ఇరవై ఏళ్ళుగా నాతో నేనే మాట్లాడుకుని చూశాను."

రాజు నోటికి జానెడు దూరంలో ఉసిరికాయ మైకు పెట్టింది. ఊపిరి దానిమీద బుస్సున కొట్టకుండా, చిన్న జల్లెడ చట్రానికి పల్చటి మల్లుగుడ్డ బిగించి మధ్యలో నిలబెట్టింది. పాట అయ్యాక ఒక్క మాటే అడిగింది:

"ఎక్కడ పాడారో రేపటిదాకా ఎవరికీ చెప్పకండి ప్రభూ."

మర్నాడు సభ మళ్ళీ నిండిపోయింది. పైడమ్మ చేతులు కట్టుకుంది.

"ప్రభూ, తీర్పు గానభూషణం గారే చెప్పాలి. అంతటి చెవి ఇంకెవరికుంది? ఏది ఏ మైకుదో మాత్రం ముందు చెప్పొద్దు."

గానభూషణం ఉబ్బిపోయి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మొదటి పాట మోగింది. వింటూనే మొహం చిట్లించాడు.

"ఛీ ఛీ! నూతిలోంచి పాడినట్టుంది. పైగా ఏమిటా గలగల? సంతమైకు కదా, లోపల మరలు ఊడిపోయుంటాయి."

రెండో పాట మోగింది. చెవి దగ్గర కూర్చుని పాడినట్టుంది. గానభూషణం తొడ చరిచాడు.

"ఇదీ! ఇదీ సీమ మైకంటే! ప్రభూ, ఇక గది ఇప్పించండి."

రాజు మీసాల చాటున నవ్వుతూ పైడమ్మ వంక చూశాడు.

"బాబుగారూ, రెండోదే సంతమైకు. పరుపుల మధ్య పాడించాను. మొదటిది తమ గుమ్మడికాయ."

"అసంభవం! మరి ఆ గలగల?"

"మరలు కావు బాబూ, తమ చెవిపోగులు. అంత పెద్ద మైకు చెవికి అన్నీ వినబడతాయి మరి."

కాదు కాదంటూ గానభూషణం గట్టిగా తల అడ్డంగా ఊపాడు.

గలగలా మోగాయి.

సభ గొల్లుమంది. నవ్వు ఆపుకోలేక తలలూపినవాళ్ళ పోగులు కూడా మోగాయి. చివరికి గానభూషణం కూడా రెండు చేతులతో చెవులు పట్టుకుని నవ్వేశాడు.

రాజు కళ్ళు తుడుచుకున్నాడు. "అంతా బాగుంది గానీ పైడీ, రెండో పాటలో పైకి వెళ్ళినప్పుడు ఏదో బొంగురు వినిపించింది. అదేమిటి?"

సభ బిగుసుకుపోయింది. పైడమ్మ తల వంచుకుంది.

"అది మాత్రం మైకుది కాదు ప్రభూ."

అందరికంటే ముందు తెర వెనక రాణిగారు నవ్వారు. ఆ తర్వాత రాజు నవ్వాడు. సింహాసనం దిగివచ్చి తన చేతి కడియం తీసి పైడమ్మకిచ్చాడు.

"ఇన్నేళ్ళుగా ఈ సభలో భళాల మధ్య మా గొంతు మాకే వినబడలేదు. గది నీదే. రోజూ తెల్లారకముందే వచ్చి అక్కడ సాధన చేస్తాం!"

అన్నంత పనీ చేశాడు. మర్నాడు పొద్దున్నే పైడమ్మ కోటలోకెల్లా మందపాటి బొంత ఒకటి వెతికి పట్టుకుంది. రాజు లోపల పాట ఎత్తుకోగానే, కోటలోవాళ్ళ నిద్ర చెడకుండా, ఆ బొంత తెచ్చి తలుపుకి బయటివైపు కట్టేసింది.