నాంచారమ్మ తెప్పించుకున్న గోళ్ళ రంగు

చిరుతల కోనలో గోళ్ళ సింగారమంతా ఏదుపంది నాంచారమ్మ చేతి మీదే నడిచేది. నల్లమద్ది చెట్టు మొదట్లో ఆమె పార్లరు. కుంచెల కోసం ఎవర్నీ దేబిరించే పని లేదు. వీపు మీంచి ఓ ముల్లు పీక్కుని, దాని కొసతో ఎలుగుబంటి గోటి మీద కూడా మల్లెపందిరి గీసేది. కావాల్సిందల్లా సరుకే. రంగు, రంగు ఆరబెట్టే దీపం, పాత రంగు తుడిచే మందు. ఆ సరుకు దొరికేది ఒకే ఒక్క చోట, గుంటనక్క శేషాచలం నడిపే ఆన్‌లైన్ కొట్టులో.

చిరుత భ్రమరమ్మ కూతురికి పెళ్ళి కుదిరింది.

“నాంచారీ, పిల్ల గోళ్ళు దానిమ్మగింజల్లా ఎర్రగా ఉండాలే” అంది భ్రమరమ్మ.

“అలాగేనమ్మగారూ. రంగు తెప్పించాలి.”

“తెప్పించు. రంగు రాకపోయినా ఎరుపు మాత్రం తప్పదు. నీ ఒంట్లోనూ కాస్త ఉంటుందిగా!” అని పళ్ళన్నీ కనబడేలా నవ్వి వెళ్ళిపోయింది.

నాంచారమ్మకు ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. వెంటనే ఫోను తీసింది.

కొట్టు తెరవగానే ‘ఇది నిపుణులకు మాత్రమే. మీరు నిపుణులని రుజువు పంపండి’ అని వచ్చింది. పార్లరు ముందు నిలబడి ఫొటో దిగి పంపింది. ‘మీ ఒంటి నిండా సూదులున్నాయి. సూదిమందు వేసేవారు వేరే కొట్టు చూసుకోగలరు’ అని జవాబు. ఉసూరుమంటూ వాగు దగ్గరికెళ్ళి, బురద పూసుకుని, ముళ్ళు అణుచుకుని మళ్ళీ ఫొటో దిగింది. ఈసారి నిపుణురాలేనని ఒప్పుకున్నారు. కానీ రంగు ఒక్కటీ అమ్మరట. పొట్టేళ్ళ కొమ్ములకు పూసే మెరుపు కూడా కొంటేనే రంగు ఇస్తారట.

“కోనలో పొట్టేలే లేదు కదరా నాయనా! ఉన్న ఒక్కదాన్నీ భ్రమరమ్మగారు తినేశారు” అని ఫోనుతో మొరపెట్టుకుంది. ఫోను వింటుందా?

కొన్నవాళ్ళ అభిప్రాయాలు చూసింది. ‘అద్భుతం’ అని ఒక నక్క, ‘అమోఘం’ అని ఇంకో నక్క, ‘మా చిన్నాన్న సరుకు బంగారం’ అని మరో నక్క. మనసు కీడు శంకించింది. అయినా అవసరం తనది. చెట్టు తొర్రలో దాచుకున్న తేనె ముంత వెల కింద ముందే పంపించి, బుక్ చేసింది.

‘మెరుపు వేగంతో మీ ముంగిట’ అన్నారు. మోసుకొచ్చింది తాబేలు. అది వచ్చేసరికి పెళ్ళి పందిరి వేయడం కూడా అయిపోయింది.

“ఇదేనా తాతా మెరుపు వేగం?” అంది నాంచారమ్మ.

“నా మట్టుకు నేను పరిగెత్తుకునే వచ్చానమ్మా” అంది తాబేలు, రొప్పుతూ.

పెట్టె చూస్తే గుమ్మడికాయంత. విప్పితే లోపల ఇంకో పెట్టె, దాని లోపల ఎండుగడ్డి, గడ్డి లోపల రేగుపండంత సీసా. దీపం బదులు దీపం మూత వచ్చింది. దాని మీద ‘దీపం విడిగా అమ్మబడును’ అని రాసుంది. తుడిచే మందు అసలు రానేలేదు. పొట్టేలు కొమ్ముల మెరుపు మాత్రం కుండెడు వచ్చింది.

పోనీ, రంగయినా ఉందిలెమ్మని ముల్లు ముంచి ఓ మోదుగాకు మీద గీసింది. ఆకు ముల్లుకు అతుక్కుపోయింది. పీకితే వేలికంటింది. విదిలిస్తే వీపుకంటింది. అది రంగు కాదు, ఎర్రగా కలిపిన బంక, దొంగగోళ్ళు అతికించేది! వీపు మీద ఆకుతోనే కొట్టుకు ఫోను చేసింది.

అటు చిలక ఎత్తింది. “మీ బాధ మా బాధ. చెప్పండమ్మా.”

“రంగని చెప్పి బంక పంపారు తల్లీ. వాపసు తీసుకోండి.”

“తప్పకుండానమ్మా. సీసా మూత విప్పారా?”

“విప్పకపోతే బంకని ఎలా తెలుస్తుంది?”

“విప్పితే వాడినట్టేనమ్మా. వాడిన సరుకు వాపసు తీసుకోం.”

“విప్పకుండా ఉంటే?”

“విప్పకపోతే బాగాలేదని మీకెలా తెలిసిందమ్మా?”

నాంచారమ్మ ఫోను పెట్టేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, పైన చిరుత. చాలాసేపు మద్దిచెట్టుకు ఆనుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ, చిలక మాటల్నే మళ్ళీ మళ్ళీ నెమరేసింది. సరుకు బాగాలేదని తాను చెబితే చెల్లదు. మరి కొట్టు యజమానే చెబితే?

కళ్ళు తుడుచుకుని నేరుగా శేషాచలం బొరియకు వెళ్ళింది.

“శేషాచలం అన్నా, మీ సరుకు అందింది. పెళ్ళిపందిట్లో అందరి ముందూ మీ గోళ్ళకే మొదట రంగు వేద్దామనుకుంటున్నాను. కోనంతా చూస్తుంది.”

నక్క మీసాలు దువ్వుకుంది. ఏ సీసాలో ఏం పోశాడో వాడికే గుర్తుండదు. “కోనంతానా? అయితే ఎక్కువ సీసాలు మోయించుకొస్తాను, అక్కడే అమ్ముకోవచ్చు” అని ముందుగా బయల్దేరింది.

పందిట్లో నాంచారమ్మ భ్రమరమ్మకు దణ్ణం పెట్టింది. “అమ్మగారూ, కొత్త సరుకు. ముందు అమ్మినవారి గోళ్ళ మీద వేసి చూపిస్తాను. మీకు నచ్చితేనే అమ్మాయికి.”

“అదీ పద్ధతి” అంది భ్రమరమ్మ.

చదునుగా ఏదైనా కావాలని నాంచారమ్మ అక్కడున్న పీట లాగింది. నక్క ముందుకాళ్ళు రెండూ దాని మీద పెట్టింది. తీరా సీసా మూత తీయగానే బంక వాసన తగిలి నక్క ముఖం వాడిపోయింది.

“అక్కా, ఇది వద్దు, నేను తెచ్చిన వేరే సీసా తీద్దాం.”

“అదేంటన్నా? మీ సీసా మీద మీకే నమ్మకం లేదా?”

భ్రమరమ్మ తల తిప్పి చూసింది. “ఛ, ఛ, నమ్మకం లేకేం!” అంది నక్క.

నాంచారమ్మ వంచిన తల ఎత్తకుండా, ఒక్కో గోటికీ నిండుగా పూసింది. నక్క కాలెత్తబోయింది. రాలేదు. వెనక్కాళ్ళతో పీటను తన్నిపట్టి లాగింది. పీట మీదికి కారిన బంకకు అవీ అంటుకున్నాయి. పీట మీద కుదురుగా కూర్చున్నట్టయింది.

అప్పుడే పురోహితుడు కొంగ పంచాంగం మడిచి అరిచాడు. “ముహూర్తం దాటిపోతోంది! పెళ్ళిపీట ఏది?”

అందరూ నక్క కిందికి చూశారు.

“లేవరా!” అంది భ్రమరమ్మ.

“లేవలేనమ్మగారూ!”

“పీట మీద కూర్చున్నవాడే వరుడు. శాస్త్రం ఒప్పుకుంటుంది” అని కొంగ మంగళసూత్రం అందుకున్నాడు. పెళ్ళికూతురు నక్కను కిందినుంచి పైదాకా చూసి, ఆకలిగా నాలుక చప్పరించింది.

నక్క గొంతు చించుకుంది. “వద్దు బాబోయ్! ఇది రంగు కాదు! బంక! బంకే!”

“అలా అంటే ఎలాగన్నా?” అంది నాంచారమ్మ. “తుడిచే మందు కూడా మీరు పంపలేదు కదా!”

“ఉంది! అసలు మందుంది, అసలు రంగుంది, దీపం ఉంది! మా ఆవిడ కోసం బొరియ చివర దాచాను. ఎవరైనా పరిగెత్తండి!”

భ్రమరమ్మ కొడుకులు రెండు గెంతుల్లో వెళ్ళి అంతా మోసుకొచ్చారు. నాంచారమ్మ పీటను విడిపించింది. నక్క లేచింది గానీ అరికాళ్ళ బొచ్చు లేవలేదు. పెళ్ళికూతురి గోళ్ళు దానిమ్మగింజల్లా మెరిశాయి. పెళ్ళికొడుకు పీట మీద కూర్చుని, “అబ్బ, ఎంత మెత్తగా ఉందో!” అని మురిసిపోయాడు.

శేషాచలం మర్నాడంతా మండే అరికాళ్ళతో కుంటుకుంటూ, మోసంతో పుచ్చుకున్న తేనె ముంతలు ఇంటింటికీ తిరిగిచ్చి వచ్చాడు.

అమ్మేవాడు తన సరుకు తన గోటికి పూసుకున్నప్పుడే దాని అసలు రంగు బయటపడుతుంది.