సువ్వి కొన్న మోదుగాకులు

అనగనగా, వాగు నీళ్ళు పొద్దున వెండిలా, సాయంత్రం బంగారంలా మెరిసే ఒక అడవిలో సువ్వి అనే ఉడుత ఉండేది. దానికి ఇద్దరు పిల్లలు. ఇంకా కళ్ళు కూడా తెరవలేదు. వానలు మొదలైతే నాలుగు నెలలు తొర్రలోంచి బయటికి రావడం కష్టం. అందుకే సువ్వి ఎండాకాలమంతా సారపలుకులు ఏరి, ఇరవై చోట్ల దాచిపెట్టింది.

వాగుకి అవతలి ఒడ్డున గిజిగాళ్ళు ఉండేవి. గూళ్ళు అల్లే పిట్టలు కదా, వాటి ముక్కులో ఉన్న పనితనం ఇంకెవరికీ లేదు. అవి తెల్లటి ఇసుకని బట్టీలో కరిగించి, నువ్వుగింజంత వెలుగు గింజలు చేసేవి. ఒక్క గింజ తొర్రలో పెడితే చాలు, తొర్రంతా వెన్నెల. కుందేలు తన తలుపుకి పెడితే, నక్క వచ్చినప్పుడు తలుపు తనంతట తనే మూసుకునేది. ఏనుగు మెడలో కట్టుకుంటే దారి చెప్పేది. సువ్వి తొర్ర తప్ప, అవి లేని ఇల్లే లేదు ఆ అడవిలో.

బట్టీని పెద్దది చెయ్యాలని గిజిగాళ్ళు ఒక ఏర్పాటు చేశాయి. ఒక బుట్ట పలుకులు ఇచ్చినవాళ్ళకి, ముక్కుతో బొమ్మ పొడిచిన ఒక మోదుగాకు ఇచ్చేవి. ఆకు ఉన్నవాళ్ళకి బట్టీలో వాటా ఉన్నట్టే. లాభంలో భాగం వస్తుంది. వద్దనుకుంటే ఆ ఆకుని గురువారం సంతలో ఎవరికైనా అమ్ముకోవచ్చు.

ఒక సాయంత్రం సువ్వి కుందేలు ఇంట్లో ఆ గింజ వెలుగు చూసింది. చూస్తూ అలాగే ఉండిపోయింది. చుక్క ఒకటి దారి తప్పి తన అరచేతిలోకి దిగినట్టనిపించింది. అంతే. ఇరవై చోట్లా తవ్వి, దాచిన పలుకులన్నీ తీసి, పది బుట్టలు పోసి, పది ఆకులు కొనేసింది.

మొదటి గురువారం ఆకు ధర రెండు బుట్టలైంది. రెండో గురువారం మూడు. సువ్వి తోక నేల మీద ఆనలేదు. పిల్లలకి ఏ చెట్టు మీద కొత్త ఇల్లు చూడాలో, దాని గుమ్మానికి ఏ పూలతీగ పాకించాలో ఊహించుకుంటూ కూర్చునేది.

మూడో గురువారం పొద్దున్నే దండోరా వేశారు. సింహం రాజుగారు రేవులో సుంకం పెట్టారు. అవతలి నుంచి వచ్చే ప్రతి బుట్ట వెలుగు గింజలకీ ఒక బుట్ట పళ్ళు కట్టాలి. మన పందికొక్కులు కూడా గింజలు చెయ్యడం నేర్చుకోవాలని రాజుగారి కోరికట. సుంకం పడితే గింజ ధర పెరుగుతుంది. ధర పెరిగితే కొనేవాళ్ళు తగ్గుతారు. కొనేవాళ్ళు తగ్గితే గిజిగాళ్ళ లాభం తగ్గుతుంది. ఇది సంతలో అందరికీ ఒక్కసారే తట్టింది. మూడు బుట్టల ఆకు మధ్యాహ్నానికి రెండు బుట్టలైంది.

అంతలో కాకి బావ వచ్చి కొమ్మ మీద వాలి, బట్టీ మూసేశారట అన్నాడు. ఆకు ఒక బుట్టకి దిగింది. కాసేపటికి ఇంకో కాకి వచ్చి, గిజిగాళ్ళు వలస పోయాయట అంది. అర బుట్ట. మూడో కాకి వచ్చి, బట్టీ వాగులో కొట్టుకుపోయిందని చెప్పింది. ఆ ఎండల్లో వాగులో ఏనుగు మోకాలి లోతు నీళ్ళు కూడా లేవని ఎవరికీ గుర్తు రాలేదు. కుందేలు తన ఆకులన్నీ పావు బుట్ట చొప్పున అమ్మేసి, ఏడుస్తూ ఇంటికి పోయింది.

వాటిని కొన్న ముంగిస మామ సువ్వి పక్కకి జరిగాడు.

“ఏమ్మా సువ్వీ, ఇంకా ఏం చూస్తున్నావు? నీవి కూడా అదే ధరకి తీసుకుంటాను. రేపటికి వీటిని మేకలు కూడా తినవు.”

సువ్వి లెక్క వేసుకుంది. పది ఆకులకి రెండున్నర బుట్టలు. నెల తిండి. తర్వాత పిల్లలకి ఏం పెట్టాలి? అమ్మకపోతే ఆ నెల తిండి కూడా ఉండదేమో. ఆకులు ఇచ్చెయ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఒక్క పూట ఆగు మామా. రేవు దాటి చూసొస్తాను” అంది.

రేవు దాటించే తాబేలు తాత దాన్ని వీపు మీద ఎక్కించుకున్నాడు. ఈ పూట పది బుట్టల గింజలు దాటాల్సింది ఐదే దాటాయని, సుంకం మాట నిజమేనని చెప్పాడు. తర్వాత మెడ వెనక్కి తిప్పి చూశాడు.

“ఒక్క పలుకుని నాలుగు చోట్లకి మార్చి మార్చి దాచే జాతి మీది. నీకేం పుట్టిందే, ఉన్నదంతా ఒక్క చోట పెట్టావు?”

“ఆ వెలుగు అంత బాగుంది తాతా” అంది సువ్వి చిన్నగా.

అవతల బట్టీ భగభగ మండుతూనే ఉంది. గిజిగాళ్ళ పెద్ద మేస్త్రి ఏదీ దాచలేదు. మీ అడవిలో అమ్మకం తగ్గుతుంది, ఈ ఏడు లాభం సన్నగానే ఉంటుంది అన్నాడు. కొండ వెనక ఇంకో రెండు అడవులు కొంటున్నాయని కూడా చెప్పాడు. పైగా పందికొక్కులే పనిముట్లు కావాలని తన దగ్గరికి వచ్చాయని నవ్వాడు.

“మరి ఆకు ధర మళ్ళీ పెరుగుతుందా?” అని అడిగింది సువ్వి.

“నాకెలా తెలుస్తుందమ్మా? రాజుగారు రేపు సుంకం ఎత్తెయ్యచ్చు, రెండింతలు చెయ్యచ్చు. నాకు తెలిసింది ఇసుక, నిప్పు. నీ పిల్లల తిండి మాత్రం నా బట్టీలో పెట్టకు.”

సువ్వి తిరిగి వచ్చి, చూసింది చూసినట్టు సంతలో చెప్పింది. బట్టీ ఉంది, సుంకమూ ఉంది. ఆకు ధర మెల్లగా పైకొచ్చి ఒక బుట్ట దగ్గర నిలబడింది. మళ్ళీ మూడు అయ్యేదాకా ఆగితే ఏం అని సువ్వి మనసు ఒకటే లాగింది. ఆ పూలతీగ గుమ్మం కళ్ళ ముందు కదిలింది. సువ్వి కళ్ళు గట్టిగా మూసుకుని, ఎనిమిది ఆకులు అమ్మేసింది. పోయినా ఇంట్లో ఆకలి తెలియదని రెండు మాత్రం ఉంచుకుంది. తక్కువైన రెండు బుట్టల కోసం వానలు పడేదాకా ఎండలో పడి పలుకులు ఏరింది. కాళ్ళు బొబ్బలెక్కాయి.

వానలు వచ్చాయి. పిల్లలు కళ్ళు తెరిచి, పలుకులు కొరుకుతూ, ఒకరి తోక ఒకరు లాగుతూ తొర్రంతా గోల చేశారు.

ఒక గురువారం పొద్దున హోరున వాన. కాకి బావ తడిసి ముద్దై గుమ్మంలో వాలాడు. సుంకం ఎత్తేస్తున్నారట, ఆకు ఐదు బుట్టలవుతుందట, ఉన్నదంతా పెట్టి కొనుక్కోమన్నాడు.

“నువ్వు చూశావా బావా?”

“చూళ్ళేదు. విన్నాను.”

“సరేలే, అక్కడే నిలబడితే జలుబు చేస్తుంది. లోపలికి రా, పలుకులు తిని పో.”

కాకి బావ లోపలికి వచ్చి, నోటినిండా పలుకులు పెట్టుకున్నాడు. ఆ గురువారం సంతకి ఏ వార్తా వెళ్ళలేదు.

నీతి: ఇంటి తిండిని పక్కన పెట్టుకున్నాకే మిగిలినదాన్ని ఆశ మీద పెట్టాలి. ధర పడినా పెరిగినా, విన్నదాన్ని కాదు, వెళ్ళి చూసినదాన్ని నమ్మాలి.