అద్దంలాంటి రోడ్డు

కోదండం ఊరికి ప్రెసిడెంటు. తన డొక్కు కారు రేసుకారులా కనపడాలని పట్నం నుంచి బాడీ కిట్ తెప్పించి మెకానిక్ మస్తాన్ ముందు పడేశాడు. ముందుకి బంపరు, వెనక్కి రెక్క. ముసలి గాడిదకి పెళ్ళికొడుకు వేషం!

"ప్రెసిడెంటుగారూ, ఈ బంపరు నేలకి నాలుగు వేళ్ళ ఎత్తే ఉంటుందండీ. గుంతలో పడితే ఊడొస్తుంది," అన్నాడు మస్తాన్.

"నేను వేయించిన రోడ్డు అద్దంలా ఉంటే గుంతలేంటిరా? నోర్మూసుకుని బిగించు!"

బిగించాడు. కారు ఊరు దాటకముందే బంపరు ఊడిపడింది. కోదండం దాన్ని మోయించుకొచ్చి, నలుగురి ముందూ విరుచుకుపడ్డాడు.

"ఇదా నీ పనితనం? ఊరికే కొత్తది బిగిస్తావా, షెడ్డు పీకించమంటావా?"

"అందరం వెళ్ళి రోడ్డు చూద్దాం పదండి. ఒక్క గుంత కూడా లేకపోతే తప్పు నాదే, షెడ్డు నేనే పీకేసుకుంటా."

జనం అప్పుడే చెప్పులేసుకుంటున్నారు. కోదండం మొహం మాడిపోయింది.

"ఆగండాగండి! గుంత కాదు, నీ బిగింపూ కాదు. రోడ్డు పక్కన నా పేరు చెక్కించి పాతిన రాయి లేదూ, దానికి గుద్దుకుందిలే."

"అదే అయ్యుంటుందండీ," అన్నాడు మస్తాన్. "మీ రోడ్డుకి గట్టిగా ఉన్నది ఆ రాయొక్కటే."